ఎలుకలో కార్టిసాల్ వెతక్కండి: నెట్ లైఫ్ సైన్సెస్, అడ్రినల్ చాప్టర్

ఎచ్చెర్లలో పీజీ అయ్యాక శ్రీకాకుళంలోనే రూమ్ తీసుకుని రీసెర్చ్ ఫెలోషిప్‌కి, లెక్చరర్ అర్హతకి రాసే సీఎస్ఐఆర్ నెట్‌కి చదివాను. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్స్ తీయించుకున్న పాత పేపర్లే నా కోచింగ్. అందరూ అడిగేది పేపర్‌లో చివరి భాగం, పార్ట్ సి గురించే కాబట్టి మిగతావి వదిలేస్తున్నా. 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు, తప్పైతే పావు వంతు కోత. ఏది వదిలినా ఎండోక్రైన్ (హార్మోన్ల భాగం) మాత్రం వదలకండి.

మెదడులోని హైపోథాలమస్ న్యూరాన్లు సీఆర్‌హెచ్ (కార్టికోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్) విడుదల చేస్తాయి. న్యూరాన్లు వదిలే ఈ చిన్న ప్రోటీన్ ముక్కలో, అంటే న్యూరోపెప్టైడ్‌లో, 41 అమైనో ఆమ్లాలుంటాయి. 1981లో వైలీ వేల్ బృందం గొర్రెల హైపోథాలమస్‌ల నుంచి వేరుచేసింది. అది మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథికి చేరితే ఏసీటీహెచ్ అనే హార్మోన్ వస్తుంది, ఏసీటీహెచ్ కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథి బయటి భాగం కార్టెక్స్‌కి చేరితే ఎలుక ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టిరాన్. ఎగ్జామ్ టెన్షన్‌లో మనకి పెరిగేది కార్టిసాల్ గానీ, ఎలుక అడ్రినల్‌లో దాని తయారీకి కావాల్సిన 17-ఆల్ఫా హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్ ఉండదు కదా! ఆప్షన్లలో కార్టిసాల్ కనబడగానే చెయ్యి అటే పోతుంది. టైమింగ్ కూడా రివర్సే: మనకి పొద్దున్న పెరిగితే, రాత్రి తిరిగే ఎలుకకి సాయంత్రం పెరుగుతుంది.

ఈ వరస బట్టీ పట్టడం ఎంతసేపు? పేపర్ సెట్ చేసేవాళ్లు అందులోంచి ఒకటి తీసేసి అడుగుతారు. నేను పాత క్యాలెండర్ వెనక హైపోథాలమస్, పిట్యూటరీ, అడ్రినల్ మూడూ కిందామీదా గీసి, పిట్యూటరీని బొటనవేలితో మూసి చూసేవాణ్ణి. ప్రశ్నలో హైపోఫిసెక్టమీ అంటే ఇదే, పిట్యూటరీ తీసేయడం. ఏసీటీహెచ్ లేక కార్టెక్స్‌లో కార్టికోస్టిరాన్ చేసే ఫాసిక్యులేటా పొర కుంచించుకుపోతుంది. పైపొర గ్లోమెరులోసా మాత్రం చాలావరకు నిలుస్తుంది. ఎందుకంటే ఆ పొర చేసే ఆల్డోస్టిరాన్ హార్మోన్‌ని ముఖ్యంగా నడిపేవి రక్తంలోని యాంజియోటెన్సిన్ 2, పొటాషియం.

ఇంకాస్త ముదురు ప్రశ్న చూడండి. పిట్యూటరీ తీసేసిన ఎలుకకి ఒక న్యూరోపెప్టైడ్ ఇస్తే కార్టికోస్టిరాన్ పెరిగిందనుకోండి. అంటే దాని పని అడ్రినల్‌లోనే జరుగుతూ ఉండొచ్చు. వీఐపీ (వాసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్) లాంటి పెప్టైడ్లు ఆ గ్రంథికొచ్చే నరాల్లోనే ఉంటాయి. మరి కార్టెక్స్ కణాల మీద నేరుగానా, గ్రంథి లోపలి భాగం మెడుల్లా వదిలే కాటెకోలమైన్ల (అడ్రినలిన్ లాంటివి) ద్వారానా? కార్టెక్స్ కణాలను విడదీసి డిష్‌లో పెట్టినా పెరిగితే నేరుగానే. గ్రంథి ముక్క చెదరకుండా ఉన్నప్పుడే పెరిగి, కాటెకోలమైన్ల పని ఆపే బీటా బ్లాకర్ మందు వేయగానే ఆగితే అనుమానం కాటెకోలమైన్ల మీదకి పోతుంది. ఒక్క గ్రాఫ్‌లో ఈ తేడా పట్టుకున్నవాళ్లకి 4 మార్కులు.

ఇప్పుడు మీరు చెయ్యండి. ఎలుకకి మెటిరపోన్ మందు ఇచ్చి, కార్టికోస్టిరాన్‌ని తయారుచేసే ఎంజైమ్ 11-బీటా హైడ్రాక్సిలేజ్‌ని ఆపారు. కార్టికోస్టిరాన్, ఏసీటీహెచ్, అడ్రినల్ బరువు ఎటు పోతాయి? డెక్సామెథసోన్ (కార్టిసాల్ లాంటి కృత్రిమ మందు) ఇచ్చిన ఎలుకని పక్కనే గీసి పోల్చండి.