ఏడు సీట్ల వ్యాను ఇంటి బండిగా: నల్లగొండ నుంచి పని పుస్తకం

మా ఇంట్లో అత్తమ్మ, మామయ్య, మా వారు, నేను, ఇద్దరు పిల్లలు కలిసి ఆరుగురం ఉంటాం. పండుగకు ఆడబిడ్డ వస్తే ఏడుగురం అవుతాం. ఐదు సీట్ల కారు కొంటే ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోవాలి, లేదా వెనుక ఆటో మాట్లాడుకోవాలి. అందుకే ఏడు సీట్ల మారుతి ఈకో వ్యానును, 2016 నాటి పెట్రోలు బండిని, పాతదే చూసి కొన్నాం. బడికి, ఆసుపత్రికి, కూరగాయల మార్కెట్‌కు, బత్తాయి తోటకు అన్నిటికీ ఇదే బండి. దీన్ని ఇంటికి తగినట్టు సరిదిద్దుకోవడం నాకు ఎంతో ఇష్టమైన వ్యాపకమైంది. ఏ మార్పు చేసినా నేను చూసేది ఒక్కటే: ఇంట్లో అందరికంటే పెద్దవారూ అందరికంటే చిన్నవారూ భయం లేకుండా ఎక్కి, కూర్చుని, దిగగలుగుతున్నారా లేదా అన్నది.

డిసెంబరు

కొనే ముందు ఇంజను చప్పుడు కంటే కాగితాలనే ఎక్కువ సేపు చూశాం. వ్యాన్లలో బడి పిల్లలకు, కిరాయిలకు తిరిగినవి చాలా ఉంటాయి కాబట్టి మొదటి నుంచీ తెల్ల బోర్డు మీదే, అంటే సొంత వాడకానికే, ఉన్న బండి కావాలని పట్టుబట్టాం. ఆర్‌సీలో ఏడు సీట్లు రాసి ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. ఐదు సీట్ల బండిలో తరువాత బెంచీ బిగించి ఏడు చేస్తే అది చట్టానికి విరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కే. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది, అంటే మాకు 2031 వరకు గడువు ఉంది. ఆ తరువాత పరీక్ష చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవచ్చు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అని ఇస్తున్నా మా బండికి పాత టీఎస్ 05 నంబరే కొనసాగుతుంది.

ఈ బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేసిన నిబంధన 2019 జూలైలో వచ్చింది, మా బండి అంతకు ముందుది. కాబట్టి ఉన్న బెల్టులే మాకు రక్ష. ప్రతి సీటు బెల్టునూ పూర్తిగా బయటికి లాగి, పట్టీ అంచులు చీకిపోయాయా, కొక్కెం గట్టిగా పడుతోందా అని చూసి, అనుమానం ఉన్న రెండింటిని మార్పించాను. పిల్లలను ముందు సీటులో కూర్చోబెట్టం. వ్యానుకు ముందు బానెట్ పొడవు చాలా తక్కువ, ముందు కూర్చున్నవారి కాళ్లకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఇనుము కొద్దిపాటిదే. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 1000 రూపాయల జరిమానా అని 2019 సవరణ చట్టం చెబుతోంది. జరిమానా లేకపోయినా మా ఇంట్లో ఇదే నియమం.

ఫిబ్రవరి

అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. వ్యాను గడప ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎక్కడమే కష్టమని నేను అనుకుంటుంటే, ఆమె మాట వేరుగా ఉంది: "ఎక్కుడు ఎట్లనో ఎక్కుతున్న బిడ్డా, దిగుడే భయమైతున్నది." ఆ రోజు పక్కన నిలబడి గమనించాను. ఎక్కేటప్పుడు రెండు చేతులతో సీటు పట్టుకుంటున్నారు. దిగేటప్పుడు చేతికి ఏమీ అందక, నేల కనిపించక, ఒక కాలు గాలిలో వెతుకుతోంది. అంటే కావలసింది మెట్టు ఒక్కటే కాదు, దిగేటప్పుడు చేతికి అందే పట్టు కూడా.

బండి కింద ఇనుప ఫుట్‌బోర్డు వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందని చాలామంది అన్నారు. బండి అడుగుకూ నేలకూ మధ్య ఉన్నదే తక్కువ ఎత్తు, మా వీధి మలుపులోని స్పీడ్‌బ్రేకరు దాన్ని మొదటి వారంలోనే వంచేస్తుంది. అందుకే వడ్రంగి చేత టేకు పీట చేయించాను. నేల నుంచి గడప దాకా కొలిచి, సరిగ్గా సగం ఎత్తు పెట్టించాను. పైభాగం రెండు పాదాలూ పక్కపక్కన నిలిచేంత వెడల్పు. నాలుగు కాళ్ల కింద పాత టైరు ముక్కలు కొట్టించాను, గ్రానైటు వాకిలి మీద కూడా జారదు. ప్రయాణంలో దాన్ని వెనుక సీటు కాలికి పట్టీతో బిగిస్తాం. విడిగా వదిలేస్తే గట్టి బ్రేకు పడినప్పుడు మనుషుల మీదికి వస్తుంది. తలుపు పక్క స్తంభానికి, అత్తమ్మ నడుము ఎత్తులో, ఒక చేతిపట్టు బిగించాం. రేకుకు ఊరికే స్క్రూలు వేస్తే బరువుకు ఊడి వస్తాయి కాబట్టి లోపలి వైపు ఇనుప పట్టీ పెట్టి బోల్టులు వేయించాలి. ఇప్పుడు ఆమె నిచ్చెన దిగినట్టు బండి వైపు ముఖం పెట్టి, పట్టు వదలకుండా, పీట మీద కాలు పెట్టి దిగుతున్నారు.

జరిగే తలుపు కూడా ఇదే నెలలో దారికి వచ్చింది. కింది పట్టాలో ఎర్రమట్టి, ఇసుక చేరి రోలరు అరుగుతుంది, తలుపు బరువెక్కుతుంది. గ్రీజు పూస్తే ఆ దుమ్మంతా అంటుకుని ముద్ద అవుతుంది. పాత పళ్ల బ్రష్‌తో పట్టాను గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే పలుచగా కొడుతున్నాను. చిన్నవాడు కూడా ఒక చేత్తో తెరవగలుగుతున్నాడు. అయితే బండి పల్లంలో ముక్కు కిందికి నిలిపినప్పుడు, పూర్తిగా వెనక్కి వెళ్లి కొక్కెం పడని తలుపు తనంతట తానే ముందుకు జారి వేళ్ల మీద పడుతుంది. "టక్" అని వినిపించేదాకా ఎవరూ కాలు బయట పెట్టకూడదని, ఎడమ వైపే దిగాలని పిల్లలకు నేర్పాం. కుడి తలుపుకు చైల్డ్ లాక్ ఎప్పుడూ వేసే ఉంటుంది.

ఏప్రిల్, మే

మా బండికి ఏసీ లేదు, నల్లగొండ ఎండ గురించి వేరే చెప్పనక్కరలేదు. పైగా ఈ వ్యానుకు ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటు ఎత్తి చూస్తే ఇంజను మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఒకచోట గట్టిపడి పగిలి ఉంది. ఆ సందు గుండా వేడిగాలి నేరుగా కాళ్లకు తగులుతోంది. పట్టీ మార్పించి, మూత అడుగున వేడికి తట్టుకునే ఫెల్టు అతికించాక ముందు కూర్చునేవారికి తేడా వెంటనే తెలిసింది. ఆ సందు గుండా పొగ కూడా లోపలికి రావచ్చు కాబట్టి ఈ పని ఎండాకాలం కోసమే కాదు, ఏ పాత వ్యానుకైనా ముందుగా చేయించాల్సిందే.

పైకప్పు లోపలి గుడ్డ విప్పించి రేకుకు ఫాయిల్ ఉన్న ఇన్సులేషన్ షీటు అతికించాం. వెనుక వరుసకు 12 వోల్టుల ఫ్యాన్లు రెండు పెట్టాం. ఒక్కొక్కటి 12 వాట్లు, అంటే రెండూ కలిసి 2 ఆంపియర్లు లాగుతాయి. 5 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ దగ్గరే వేయించాను, తీగ మధ్యలో ఎక్కడ ఒరుసుకున్నా మంట పుట్టకుండా ఫ్యూజే పోతుంది. అద్దాలకు నల్ల ఫిల్ము వేయించమని చెప్పినవారు ఉన్నారు గానీ సుప్రీంకోర్టు 2012లోనే దాన్ని నిషేధించింది. బండి నిలిపి ఉంచినప్పుడు మాత్రమే తెరలు వేస్తాం. ఇన్ని చేసినా మే నెలలో మధ్యాహ్నం పన్నెండు దాటాక పెద్దవారిని ఈ బండిలో తీసుకువెళ్లడం లేదు, ఉదయం ఎనిమిది లోపే బయలుదేరుతున్నాం.

రేడియేటరు విషయం ఒకటి మన జిల్లావారికి ప్రత్యేకంగా చెప్పాలి. మన బోరు నీళ్లు ఉప్పదనం, కాఠిన్యం ఎక్కువ ఉన్నవి. పాత్రల అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటరు గొట్టాలలోనూ పేరుకుంటుంది. అందుకే ఆ నీళ్లు పోయకుండా, ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంటే (ఇంజనును చల్లార్చే ద్రవం) వాడాలి, దారిలో అవసరపడుతుందని ఒక లీటరు డబ్బా బండిలో ఉంచాలి. రేడియేటరు ముందు, ఇంజను సీటు కింద ఉండడం వల్ల మధ్య గొట్టాలు పొడవుగా ఉంటాయి, కూలెంటు మార్చినప్పుడు వాటిలోని గాలి పూర్తిగా పోయేదాకా మెకానిక్‌ను తొందరపెట్టకూడదు.

జూలై

వానకు తోట దారి రేగడి బురద అయింది. వెనుక చక్రాలు లాగే బండి ఇది. ఒక్కదాన్నే వెళ్తే వెనుక బరువు లేక చక్రం ఊరికే తిరుగుతుంది, బత్తాయి సంచులు ఎత్తాక అదే దారిలో నెమ్మదిగా బయటికి వస్తుంది. సంచులను నేల మీద, వెనుక ఇరుసుకు వీలైనంత దగ్గరగా పెట్టి పట్టీతో కడతాం. పైన క్యారియరు పెట్టుకోలేదు. 1475 మిల్లీమీటర్ల వెడల్పు, దాదాపు 1.8 మీటర్ల ఎత్తు ఉన్న బండికి నెత్తిన బరువు పెడితే మలుపులో ఒరుగుతుంది.

ఆ తక్కువ వెడల్పే గడియారం సెంటరు పక్క సందుల్లో వరంలా ఉంటుంది, 65వ నంబరు జాతీయ రహదారి మీద మాత్రం జాగ్రత్త నేర్పుతుంది. నార్కట్‌పల్లి దాటాక పక్క నుంచి బస్సు దూసుకుపోతే గాలి బండిని అటు నెడుతుంది, స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని ఉండాలి. కుటుంబంతో ఉన్నప్పుడు 70 దాటను. చెరువుగట్టు ఘాట్ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలి పట్టు బాగా దొరుకుతుంది. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగుతాను.

అక్టోబరు

ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించేదాకా తిరిగిన దూరాన్ని లీటర్లతో భాగిస్తే లీటరుకు ఊళ్లో 12 నుంచి 13 కిలోమీటర్లు, హాలియా మీదుగా సాగర్ వెళ్లి వచ్చిన దారిలో 15కు కాస్త దగ్గరగా వస్తోంది. టైర్లలో గాలి ఎప్పుడూ ఉదయం, బండి కదలకముందే చూస్తాను. ఎండలో తిరిగి వచ్చాక ఎక్కువ చూపిస్తే తీసేయకూడదు, చల్లారాక తక్కువైపోతుంది.

ఈ మధ్య టైర్ల పక్కగోడ మీది అంకెలు చదివాను. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ముందు రెండూ కొత్తవే, వెనుక రెండింటి మీద 2317 అని ఉంది, అంటే 2017లో 23వ వారంలో తయారైనవి. గాడి ఇంకా ఉన్నా రబ్బరు అంచున సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. సంక్రాంతికి ఏడుగురం కలిసి విజయవాడ వైపు వెళ్లాలి, అంతకుముందే ఆ రెండూ మార్పించి, చక్రాలు విప్పినప్పుడే వెనుక బ్రేకు షూలు కూడా చూపించాలని మెకానిక్‌కు చెప్పి ఉంచాను.