పికప్ బండి క్లచ్ నుంచి క్రౌన్ దాకా: ట్రాన్స్‌మిషన్ చాప్టర్‌కు మా ప్రిపరేషన్ అనుభవాలు

అనంతపురం, కర్నూలు, కడప ఐటీఐలలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ చదువుతూ ట్రేడ్ టెస్టుకు, అప్రెంటిస్ ఇంటర్వ్యూలకు తయారవుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాం. డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సులో ఎక్కువ భాగం ఇంజన్ మీదే నడుస్తుంది కాబట్టి ఆ ట్రేడ్ వాళ్లకు ఈ భాగం మరింత అవసరం.

గైడ్లలో ఈ చాప్టర్ అంతా కారణాల జాబితాలే. వాటిని బట్టీ పడితే రాతపరీక్ష గట్టెక్కవచ్చు. ప్రాక్టికల్‌లో బండి స్టార్ట్ చేసి ఈ శబ్దం దేనిదని అడిగితే మాత్రం ఏ జాబితాలోంచి మొదలుపెట్టాలో తోచదు. మాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే: ఇంజన్ బలం చక్రం దాకా వెళ్లే దారిని కాగితం మీద గీసుకుని, ఫలానా స్థితిలో ఏ భాగం తిరుగుతుంది, ఏది ఆగి ఉంటుంది, దేని మీద లోడు పడుతుంది అని గుర్తు పెట్టుకోవడం. ఇంజన్ చివరి బరువైన చక్రం ఫ్లైవీల్, క్లచ్ ప్లేట్, గేర్‌బాక్స్‌లోని ఇన్‌పుట్ షాఫ్ట్, కౌంటర్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్, సెంటర్ బేరింగ్‌తో కలిపి రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్‌లోని పినియన్ (చిన్న గేరు), క్రౌన్ (పెద్ద గేరు), స్టార్ గేర్లు, చివరికి చక్రాన్ని తిప్పే యాక్సిల్. ఈ వరుస చేతికి వస్తే సగం ప్రశ్నలకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఉదాహరణకు, గేర్ పడుతోంది, క్లచ్ వదిలితే ఇంజన్ ఆగడం లేదు, బండి కదలడం లేదు. ముందు ఒక మనిషి పక్కన, దూరంగా నిలబడి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతోందా అని చూడాలి. తిరుగుతుంటే తప్పు వెనకాల ఉంది: యాక్సిల్ విరిగింది, లేదా డిఫరెన్షియల్ లోపల ఏదో పోయింది. తిరగకపోతే ముందు భాగంలో, అంటే క్లచ్‌లో గానీ గేర్‌బాక్స్‌లో గానీ వెతకాలి. ఇది చూడకుండా గేర్‌బాక్స్ దించడం మొదలుపెడితే ఒక రోజు కూలీ వృథా.

శబ్దాల ప్రశ్న ప్రతిసారీ ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంది, గేర్ న్యూట్రల్. పెడల్ వదిలి ఉన్నప్పుడు గుర్రుమనే శబ్దం వచ్చి, తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ లేదా కౌంటర్ షాఫ్ట్ బేరింగ్ అనుమానించాలి. న్యూట్రల్‌లో ఉన్నా పెడల్ వదిలినంతసేపూ ఆ రెండు షాఫ్టులూ తిరుగుతూనే ఉంటాయి, తొక్కితే ఆగుతాయి. అలాకాక పెడల్ మీద కాలు ఆనగానే కీచుమని మొదలైతే అది తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగ్. పెడల్ పూర్తిగా తొక్కి, గేర్ వేసి నిలిపినప్పుడు మాత్రమే వస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను ఫ్లైవీల్ మధ్యలో ఆనించే పైలట్ బేరింగ్. ఫ్లైవీల్ తిరుగుతూ ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగి ఉన్నప్పుడే కదా ఆ బేరింగ్‌కు పని పడేది.

డీజిల్ బండిలో ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐడిల్‌లో డీజిల్ ఇంజన్ తిరుగుడు నున్నగా ఉండదు, ప్రతి ఫైరింగ్‌కూ ఒక కుదుపు. ఆ కుదుపుకు గేర్ పళ్ల సందులో టకటకమని చప్పుడు వస్తుంది. పెడల్ తొక్కితే ఇదీ ఆగుతుంది, అందుకే బేరింగ్ అని పొరబడతారు. రేస్ (ఇంజన్ వేగం) కొంచెం పెంచి చూడండి. బేరింగ్ శబ్దం రేస్‌తో పాటు పెరుగుతుంది, పళ్ల టకటక తగ్గిపోతుంది. పళ్ల టకటక అయితే చూడాల్సింది ఐడిల్ స్పీడు, క్లచ్ ప్లేట్ మధ్యలోని డ్యాంపర్ స్ప్రింగులు.

బండి లాగడం లేదు అనే ఫిర్యాదులో రెండు వేరు వేరు జబ్బులు కలిసిపోతాయి. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కే లోడు బండిని ఊహించుకోండి. యాక్సిలరేటర్ తొక్కితే రేస్ పెరుగుతూ వేగం మాత్రం పెరగకపోతే అది క్లచ్ స్లిప్. రేస్ కూడా పెరగకపోతే క్లచ్‌ను పక్కన పెట్టి డీజిల్ ఫిల్టర్, ఎయిర్ క్లీనర్, టర్బో గొట్టం చూడాలి. బ్రేక్ పట్టేసి ఉన్నా ఇలాగే ఉంటుంది. కాసేపు నడిపి ఆపి డ్రమ్ముల దగ్గర వేడి గమనిస్తే తెలుస్తుంది. ఈ రెండింటినీ విడదీసి రాసిన జవాబును పరీక్షకులు ఇష్టపడతారు.

స్లిప్ ఖాయం చేసుకోవడానికి చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, బండి ముందు ఎవరూ లేకుండా చూసుకుని, పై గేర్ వేసి, సుమారు 1500 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ నెమ్మదిగా వదలాలి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతోంది. ఒక్కసారి చేస్తే చాలు, మళ్లీ మళ్లీ చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలిపోతుంది. కారణాలు: ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యేదాకా పెడల్ ఊరికే కదిలే దూరం) లేకపోవడం, లైనింగ్ అరగడం, వెనక ఆయిల్ సీల్ కారి లైనింగ్‌కు నూనె అంటడం, డయాఫ్రమ్ స్ప్రింగ్ బలం తగ్గడం. ఘాట్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని ఆపి ఉంచే అలవాటు వీటన్నిటికన్నా ఎక్కువ ప్లేట్లను తినేస్తుంది. ఫ్రీ ప్లే అంటే చాలామంది 15 నుంచి 25 మి.మీ. అని రాసేస్తారు. అది కేబుల్ క్లచ్‌కు మామూలుగా చెప్పే కొలత, హైడ్రాలిక్ క్లచ్‌లన్నిటికీ వర్తించదు. ఆ బండి మాన్యువల్ ప్రకారం అని రాయడమే సరైనది.

క్లచ్ విడవకపోవడం దీనికి తలకిందులు. ఐడిల్‌లో పెడల్ పూర్తిగా తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కర్రుమంటే ప్లేటు ఇంకా తిరుగుతోందన్నమాట. హైడ్రాలిక్ లైన్‌లో గాలి, మాస్టర్ లేదా స్లేవ్ సిలిండర్ లీకు, వంగిన ప్లేటు, బిగుసుకున్న పైలట్ బేరింగ్, వీటిని ఈ వరుసలోనే చూడాలి. మొదటి రెండూ బండి విప్పకుండానే తేలిపోతాయి. అన్ని గేర్లూ కష్టంగా పడుతుంటే క్లచ్ వైపు, ఒక్క గేరే మొరాయిస్తుంటే ఆ గేర్ సింక్రో రింగ్ (గేర్ పడేముందు వేగాలను సమం చేసే రింగు) వైపు వెళ్లాలి.

గేర్‌బాక్స్‌లో బాగా ఉపయోగపడే సూత్రం డైరెక్ట్ గేర్. చాలా పికప్‌ల అయిదు గేర్ల బాక్సులో నాలుగో గేర్ డైరెక్ట్, నిష్పత్తి 1:1. అందులో బలం కౌంటర్ షాఫ్ట్ మీదుగా పోదు. ఆ షాఫ్ట్ ఊరికే తిరుగుతుంది. మిగతా గేర్లలో గట్టిగా అరిచి నాలుగులో బాగా తగ్గిపోయే శబ్దం కౌంటర్ షాఫ్ట్ బేరింగుల వైపు వేలు చూపిస్తుంది. ఒక్క గేర్‌లోనే వస్తే ఆ జత పళ్లు. గేర్ దానంతటదే న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే గేర్‌ను స్థానంలో పట్టి ఉంచే డిటెంట్ బాలు, స్ప్రింగు, అరిగిన సెలెక్టర్ ఫోర్కు, స్లీవ్ పళ్ల అంచులు, షాఫ్ట్ ఎండ్ ప్లే చూడాలి. బాక్స్ మౌంటింగ్ రబ్బరు తెగినా ఇదే జరుగుతుంది, దాన్ని ముందు చూడండి.

ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతాన్ని వేళ్లతో రుద్ది చూడాలి. బూడిదరంగు మెత్తని ముద్ద మామూలే. ఆయిల్‌లో పసుపు మెరుపు ఉంటే ఇత్తడి సింక్రో రింగ్ అరుగుతోంది. ప్లగ్గుకు గట్టి ఉక్కు పలుకులు అంటుకుంటే పళ్లో బేరింగో పగిలింది. పాలలా ఉంటే నీళ్లు చేరాయి. సీల్ మార్చినా మళ్లీ మళ్లీ కారుతుంటే బ్రీతర్ (గాలి రంధ్రం) మట్టితో మూసుకుపోయిందేమో చూడండి; వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీల్ దగ్గరే బయటికి తోస్తుంది. గేర్‌బాక్సుకు జీఎల్-4 రకం ఆయిల్, హైపాయిడ్ డిఫరెన్షియల్‌కు జీఎల్-5 అని ఎందుకు వేరు చేస్తారని ఇంటర్వ్యూలలో అడుగుతారు. హైపాయిడ్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి వాటికి గంధకం, భాస్వరం కలిపిన బలమైన రసాయనాలు కావాలి. అవే రసాయనాలు ఇత్తడిని తినేయవచ్చు, పైగా సింక్రోకు కావలసిన రాపిడిని తగ్గిస్తాయి.

వణుకు విషయంలో లెక్క చేయడం నేర్చుకోండి, మార్కులు అక్కడే ఉన్నాయి. ఇంజన్ 2000 ఆర్‌పీఎం, డైరెక్ట్ గేర్, ఫైనల్ డ్రైవ్ (క్రౌన్ పళ్లు ÷ పినియన్ పళ్లు) 41/10 అంటే 4.1 అనుకుందాం. ప్రొపెల్లర్ షాఫ్ట్ 2000, చక్రం 2000 ÷ 4.1 = 488 ఆర్‌పీఎం. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లయితే నిమిషానికి సుమారు 1024 మీటర్లు, గంటకు దాదాపు 61.5 కి.మీ. అదే వేగంలో షాఫ్ట్ సెకనుకు 33 చుట్లు, చక్రం 8 చుట్లు తిరుగుతోంది. అందుకే చక్రం బ్యాలెన్స్ తప్పితే స్టీరింగ్‌లో, సీటులో మెల్లని ఊపు, షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే ఫ్లోర్ కింద సన్నని జలదరింపు. బండి నిలిపి అదే రేస్ ఇచ్చినా వణుకు వస్తే అది ఇంజన్‌దో మౌంటింగ్‌దో.

కదిలేటప్పుడు, రివర్స్ వేసినప్పుడు టక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లలోని క్రాస్ కప్పులు అరిగాయి. నెమ్మదిగా వెళ్తుంటే కిచకిచమంటే గ్రీజు లేదు. నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. లోడుతో బయల్దేరేటప్పుడు మాత్రమే అదిరితే సెంటర్ బేరింగ్ రబ్బరు. షాఫ్ట్ విప్పేముందు రెండు ఫ్లాంజీల మీద, స్లిప్ జాయింట్ మీద గుర్తు గీయాలి. యోక్‌లు (క్రాస్‌ను పట్టుకునే ఫోర్కులు) ఒకే తలంలో లేకపోతే ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది, కొత్త క్రాస్ వేసినా వణుకు పోదు. అనంతపురం చీని కాయలకో, కర్నూలు ఉల్లికో పరిమితి మించి లోడేస్తే వెనక పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) చదునై పినియన్ కోణం మారుతుంది. లోడులోనే వచ్చే వణుక్కు పట్టీలు, సెంటర్ బోల్టు కూడా చూడాలి.

డిఫరెన్షియల్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు మరోలా ఊళ వేస్తే క్రౌన్ పినియన్ సెట్టింగు. మలుపులోనే వస్తే స్టార్, సన్ గేర్లు లేదా చక్రం బేరింగు. ఎర్రసింధూరం పూసి పళ్ల ముద్ర చూసే ప్రశ్నకు ఇలా గుర్తు పెట్టుకోండి: ముద్ర టో (పంటి లోపలి కొన) వైపు ఉంటే బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ) తక్కువ, క్రౌన్‌ను పినియన్ నుంచి దూరం జరపాలి, హీల్ (బయటి కొన) వైపు ఉంటే దగ్గరికి. పంటి పైఅంచున ఉంటే పినియన్‌ను క్రౌన్ వైపు లోపలికి, అడుగున ఉంటే వెలుపలికి, షిమ్ (పలుచని రేకు) మార్చి. పినియన్ జరిపిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ మళ్లీ కొలవాలి, ఒకటి మారితే రెండోది మారుతుంది.

ఫైనల్ డ్రైవ్ నిష్పత్తిని డిఫరెన్షియల్ విప్పకుండా కనుక్కోమంటే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక ఒక చక్రాన్ని మాత్రమే ఎత్తి స్టాండ్ మీద ఆనించి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదలండి. రెండో చక్రం నేల మీద ఆగి ఉంటుంది కాబట్టి ఎత్తిన చక్రం ఒక చుట్టు తిరిగితే క్రౌన్ అర చుట్టే తిరుగుతుంది. అందుకని చక్రాన్ని 2 చుట్లు తిప్పి షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాలి. 4 చుట్లకు కాస్త ఎక్కువ వస్తే 4.1. ఒక్క చుట్టుకే లెక్కపెట్టి 2.05 అని రాసినవాళ్లకు ఆ ప్రశ్నలో మార్కు రాదు.