నా లెక్క తప్పలేదు, అయినా దోషిని నేనే

నిన్న సాయంత్రం స్టాకు సవరణ పత్రం మీద మూడో సంతకం పడడంతో, వారం రోజులుగా నా మెడకు చుట్టుకున్న వ్యవహారం తీరింది. గోడౌనులో వచ్చిన సరుకు దింపుకొని నమోదు చేసే బాధ్యత నాకు కొత్తగా అప్పగించారు.

లారీ నుంచి దింపడం, ప్యాలెట్ల మీద పేర్చడం, ర్యాకుల్లోకి ఎక్కించడం గంటలో అయిపోయాయి. మొత్తం 60 కార్టన్లు; కార్టనుకు 24 చొప్పున 1,440 పీసులు. ఆర్డరులోనూ చలానాలోనూ అదే లెక్క ఉన్నందున, రెండుసార్లు ఎంచి చూసి చలానా మీద సంతకం చేశాను.

చిక్కంతా స్కానరు దగ్గర వచ్చింది. పీసు మీది బార్‌కోడుకు 13 అంకెలుంటాయి, కార్టను మీది కోడుకు 14. పీసు కోడులోని మొదటి 12 అంకెలకు ముందు మరో అంకె చేర్చి, చివరనుండే తనిఖీ అంకెను (మిగతా అంకెలు సరిగ్గా చదవబడ్డాయో లేదో చూసేందుకు ఉండేది) మళ్ళీ గణించి కార్టను కోడు తయారుచేస్తారు కాబట్టి, పైపైన చూసేవారికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. చేతికందిన కార్టను మీది కోడు చెరిగిపోయి స్కానరుకు అందకపోవడంతో, దాన్ని విప్పి లోపలి పీసును స్కాన్ చేసి, సంఖ్య అడిగినచోట 60 అని కొట్టాను. కంప్యూటరు దాన్ని 60 పీసులుగా రాసుకుంది. సరుకు తక్కువ వచ్చిందన్న హెచ్చరిక తెర మీద కనిపించే ఉంటుంది. వెనక మరో లారీ హారను మోగిస్తుంటే చదవకుండానే సరే నొక్కేశాను.

మూడో రోజున 240 పీసులకు ఆర్డరు వచ్చింది. సరుకు తీసే కుర్రవాడికి 60 ఇచ్చాక, ర్యాకు నిండా పెట్టెలు కనిపిస్తుండగానే, స్టాకు లేదని స్కానరు చెప్పింది. ఈలోగా కొనుగోలు విభాగంవారు మెట్లు దిగివచ్చి చూసే శ్రమైనా పడకుండా, 1,380 పీసులు తక్కువ పంపారంటూ సరఫరాదారుకు లేఖ రాసేశారు. జవాబుగా నా సంతకంతో ఉన్న చలానా నకలు వచ్చింది. సూపర్‌వైజరు దాన్ని అందరి ముందు పైకెత్తి చూపి, “ఈ సంతకం నీదేనా?” అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ నాదేనని చెప్పాను. తరువాత నన్నొక్కడినే నిలబెట్టి ర్యాకు మొత్తం ఎంచమన్నారు. మూసిన పెట్టెలు 57, విప్పినదానిలో 12 పీసులు, వెరసి 1,380. రానేలేదని లేఖలో రాసిన సరుకంతా నా కళ్ళ ముందే ఉంది.

నమోదును రద్దుచేసి మళ్ళీ రాద్దామంటే, అందులోని 60 పీసులు అప్పటికే బయటికి వెళ్ళినందున కుదరలేదు. సవరణ పత్రానికి గోడౌను, లెక్కల విభాగాల సంతకాలు ఒక్క పూటలో దొరికాయి. కొనుగోలు విభాగం సంతకానికి మాత్రం మూడు రోజులు తిరిగాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు అంకె కొట్టేముందు దాని పక్కన పీసు అని ఉందో, కార్టను అని ఉందో చూసుకోవాలి. కొనుగోలు విభాగంవారితో ఏ విషయమూ నోటిమాటగా తేల్చుకోవద్దు. పెట్టెల లెక్కలో నేను ఒక్కటి కూడా తప్పలేదన్న సంగతి ఇప్పటివరకు ఎవరూ ఒప్పుకోలేదు గనుక నేనే చెప్పుకుంటున్నాను.

ఆ ఆర్డరులో మిగిలిన 180 పీసులు ఈ ఉదయం వెళ్ళాయి: ఏడు నిండు పెట్టెలు, విప్పిన పెట్టెలోని 12. ఖాళీ అయిన ఆ పెట్టెను నేనే మడిచి అట్టల కుప్పలో పడేశాను.