లేబర్ షెడ్లలో బీపీ, దిగులు సర్వే: నా అనుభవం

బెంగళూరులో వర్తూరు వైపు షెడ్లలో ఆదోని, కోసిగి నుంచి వచ్చిన తెలుగు కూలీల మధ్య చేసిన సర్వే ఇది. మనుషుల మీద చేసే పరిశోధనలను ముందుగా పరిశీలించే ఎథిక్స్ కమిటీ మా ఫైలును మొదటిసారి వెనక్కి పంపింది, సరిగ్గానే పంపింది. మేస్త్రీ ఇచ్చిన అనుమతి షెడ్డులో కాలు పెట్టడానికే, కూలీ సమ్మతికి అది బదులు కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం చదువురానివాళ్లకు పత్రం చదివి వినిపించి, వేలిముద్రతో పాటు నిష్పక్షపాత సాక్షి సంతకం తీసుకోవాలి. అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీయే సాక్షి అయితే ఎవరు కాదనగలరు? చదువొచ్చిన పక్కింటివాళ్లెవరైనా చాలు. వేలిముద్ర పడగానే, ప్రశ్నలు మొదలుపెట్టకముందే, సాక్షిని పంపేయాలి.

బీపీ తేలికనుకుంటాం. సాయంత్రం ఆరుకి పని దిగొచ్చినవాళ్ల చేతిలో టీ గ్లాసో బీడీయో ఉంటుంది. అది అయ్యాక అరగంట ఆగాలి. వెన్ను ఆనించే కుర్చీ కావాలి, తిరగేసిన బకెట్ మీద కూర్చోబెడితే కింది అంకె పెరుగుతుంది. అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోబెట్టి, నిమిషం తేడాతో మూడుసార్లు చూసి, చివరి రెండింటి సగటు రాయాలి. చేతికి చుట్టే మామూలు బీపీ పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోతుంది. బక్కచేతుల ఆడవాళ్లకు చిన్న పట్టీ వేయకపోతే ఉన్న బీపీ తక్కువగా కనపడుతుంది. ముందు టేపుతో చేయి కొలవండి.

అసలు కష్టం దిగులు (డిప్రెషన్) కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళితో. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది దాటినా, పదే వచ్చినా డాక్టరుకు చూపించాలి. "గత రెండు వారాలుగా" అంటే షెడ్డులో అందదు, అక్కడి లెక్క కూలి డబ్బులిచ్చే ఆదివారాలతో. "మొన్న ఆదివారం కాదక్కా, దాని ముందుది, అప్పట్నుంచి" అని, పద్నాలుగు శనగగింజలు ముందు పోసి, ఎన్ని రోజులో అన్ని పక్కకు జరపమన్నాం. సగం దాటితే 2, దాదాపు అన్నీ అయితే 3.

"పనుల్లో ఆసక్తి తగ్గిందా?" అనడిగితే ఒకామె "ఆసక్తేంది సార్, చేయకుంటే కూలెవరిస్తారు" అంది. ప్రశ్న ఉన్నదున్నట్టు చదివాకే, "పిల్లలతో ఫోన్లో మాట్లాడినా మనసుకు పట్టట్లేదా?" అని విడమర్చాలి. అలసట ప్రశ్న ఇంకా మోసం: రోజంతా సిమెంటు బస్తాలు మోసినవాళ్లకు 3 కాక ఏమొస్తుంది? అంకె మార్చొద్దు. సెలవు రోజు కూడా అలాగే ఉంటుందా అని అడిగి, పక్కన రాసుకోవాలి.

తొమ్మిదోది, చచ్చిపోతే మేలనిపించిందా అన్నది. అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొత్త ఇంటర్వ్యూయర్లు దాటేస్తారు, అది అపోహ. జవాబు 0 కాకపోతే ఫారం ఆఫీసుకు చేరేదాకా ఆగకూడదు, ఆ సాయంత్రమే సైకాలజిస్టుతో మాట్లాడించాలి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416, తెలుగులోనూ పలుకుతుంది. కానీ మన ఫోన్ నుంచే కలపాలి. షెడ్డులో ఇంటికంతా ఒకటే ఫోను, ఆ కాల్ లిస్టు రాత్రికి ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం.