సైక్లోక్రాస్‌లో సత్తువను ఎక్కడ ఖర్చు పెట్టాలి

మా అక్క కొడుకు నల్లగొండలోనే డిగ్రీ చదువుతున్నాడు. చలికాలం ఆదివారాలలో మనకు రాత్రి ఏడున్నర అయ్యేసరికి బెల్జియంలో మధ్యాహ్నం మూడు గంటలవుతుంది. గడ్డి, బురదల ట్రాక్ మీద చుట్లు (ల్యాప్‌లు) తిరుగుతూ, అవసరమైన చోట సైకిలు భుజాన వేసుకొని ఉరికే సైకిలు పందేన్నే సైక్లోక్రాస్ అంటారు. పురుషుల సైక్లోక్రాస్ రేసులు చాలావరకు ఆ వేళకే మొదలవుతాయి, వాటిని మేమిద్దరం కలిసి చూస్తాము. మొన్న వాడు అడిగాడు: "మామా, గంట సేపు తొక్కేది ఉంటే మొదట్లనే గింత జోరుగ పోతరేంది? దమ్ము మిగుల్తదా?" దూరపు పరుగు పందేలు చూసి పెరిగిన ఎవరికైనా ఈ అనుమానం రావడం సహజమే. ఉన్న సత్తువను చివరిదాకా సమంగా పంచుకోవాలని మన బడిలో ఆటల సారు కూడా చెప్పేవారు. సైక్లోక్రాస్‌లో మాత్రం అలా పంచుకున్నవాడికి మొదటి ల్యాప్ ముగిసేలోపే రేసు చేజారిపోతుంది.

కారణం ట్రాక్‌లోనే ఉన్నది. ఒక్కో ల్యాప్ పొడవు రెండున్నర నుండి మూడున్నర కిలోమీటర్లు. పురుషుల ఎలైట్ (అగ్రస్థాయి) రేసు దాదాపు 60 నిమిషాలు, మహిళలది దాదాపు 50 నిమిషాలు సాగుతుంది. మొత్తం ఎన్ని ల్యాప్‌లన్నది మొదటి ల్యాప్‌లకు పట్టిన సమయాన్ని బట్టి నిర్ణయిస్తారు. బయలుదేరే చోట రోడ్డు వెడల్పుగా ఉంటుంది, ర్యాంకింగ్ ప్రకారం వరుసలుగా నిలబెడతారు. ఆ తారురోడ్డు దాటి గడ్డిలోకో బురదలోకో మలుపు తిరిగిన తరువాత ట్రాక్ కొన్నిచోట్ల మూడు మీటర్లకు కుదించుకుపోతుంది, అందులోనూ చక్రం సాఫీగా సాగే గాడి ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు ఆ మొదటి మలుపు దగ్గరే నిలబడి చూడండి. ముందున్నవాడు తనకు నచ్చిన గాడిలో, తనకు నచ్చిన వేగంతో తిరిగి వెళ్లిపోతాడు. ఐదోవాడు ముందు చక్రానికి తగలకుండా బ్రేకు పట్టాలి. పదిహేనోవాడు కాలు కింద పెట్టవలసి వస్తుంది. అతడు మళ్లీ పెడల్ మీద కాలు వేసేసరికి ముందున్నవాడు తరువాతి మలుపు చేరుకుంటాడు, ఆ ఎడాన్ని పూడ్చడానికి వెనుకవాడు నిలబడి తొక్కాలి, పూడ్చీ పూడ్చగానే ఇంకో మలుపు వస్తుంది, మళ్లీ బ్రేకు. అంటే వెనుక ఉన్నవాడు ముందున్నవాడికంటే నెమ్మదిగా పోతూ కూడా అతడికంటే ఎక్కువ అలసిపోతాడు. అందుకే ఆరంభంలో పెట్టే ఖర్చును నేను దుబారాగా చూడను. ఆ గంటలో సత్తువకు అంతకంటే మంచి ప్రతిఫలం ఇచ్చే చోటు మరొకటి లేదు. మొదటి ల్యాప్‌ను చాలా రేసులలో మిగతా ల్యాప్‌లకంటే వేగంగా తొక్కేది ఈ లెక్క తెలిసే.

ఆ తరువాతి భాగాన్నే నేను ఎక్కువ ఇష్టంగా చూస్తాను. రెండు మూడు ల్యాప్‌లకు వరుస విడిపోయి, ఎవరి దారి వారికి దొరుకుతుంది. అప్పుడు సత్తువను నిమిషాల లెక్కన కాక నేల లెక్కన పంచుకోవాలి. ఈ సంగతి పానగల్లు దగ్గర ఉదయసముద్రం చెరువు పక్కన సాధన చేసేటప్పుడు నాకు బాగా అర్థమైంది. చెల్క నేలలో కొంచెం గట్టిగా తొక్కితే సైకిలు అంతకు తగ్గట్టు ముందుకు పోతుంది. వాన పడిన నల్లరేగడిలో మాత్రం ఎంత బలం పెట్టినా చక్రానికీ ఫ్రేముకూ మధ్య మట్టి పేరుకుంటుందే తప్ప వేగం రాదు. అక్కడ దిగి, సైకిలు భుజాన వేసుకొని ఉరకడమే లాభం. పేరున్న రైడర్లు ఎక్కడ దిగాలో ముందే తేల్చుకుంటారు. జారిపోయి ఆగిన తరువాత దిగేవాడికీ, పది అడుగుల ముందే వేగం చావకుండా దిగేవాడికీ ఒక్క ల్యాప్‌లో తేడా కొన్ని సెకన్లే అయినా, అదే తప్పు ప్రతి ల్యాప్‌లో చేస్తే రేసు మిగలదు. ట్రాక్‌కు అడ్డంగా నిలబెట్టే పలకలు కూడా అంతే. నలభై సెంటీమీటర్ల దాకా ఎత్తుండే ఆ పలకలను బెల్జియం రైడరు స్వెన్ నైస్ వంటివారు సైకిలు మీదే ఎగిరి దాటేవారు. దిగి దాటేవాడు మళ్లీ ఎక్కి వేగం అందుకునేలోపు ఎగిరినవాడు నాలుగైదు సైకిళ్ల దూరం పోతాడు. అయితే అలసిన కాళ్లతో ఆఖరి ల్యాప్‌లో ఎగరడం ఎంత ప్రమాదమో వారికీ తెలుసు, కాబట్టి ఆ ధైర్యాన్ని ఏ ల్యాప్‌కు దాచుకోవాలన్నది కూడా ఒక ఎత్తుగడే.

2022లో అమెరికాలోని ఫయెట్‌విల్‌లో జరిగిన ప్రపంచ పోటీలో ముందు గుంపులో బెల్జియం వాళ్లు ఎక్కువమంది ఉన్నారు. రోడ్డు రేసులో ఆ సంఖ్య గొప్ప బలం. బ్రిటన్ రైడరు టామ్ పిడ్‌కాక్ మధ్యలోనే ఒంటరిగా దూసుకుపోతే ఆ బలం అక్కరకు రాలేదు, ఎందుకంటే మలుపుల ట్రాక్ మీద వెనుక ఉండి గాలి తప్పించుకోవడం వల్ల కలిగే మేలు తక్కువ. 2023లో నెదర్లాండ్స్‌లోని హోగర్‌హైడెలో జరిగిన ప్రపంచ పోటీలో పరిస్థితి వేరు. నేల గట్టిగా, వేగంగా ఉంది. నెదర్లాండ్స్ రైడరు మాథ్యూ వాన్ డెర్ పూల్, బెల్జియం రైడరు వౌట్ వాన్ ఆర్ట్ దాదాపు రేసంతా ఒకరినొకరు వదలకుండా తిరిగారు. అందరూ ముగింపు గీతకు దగ్గరగా స్ప్రింట్ మొదలవుతుందని చూస్తుంటే, చివరి మలుపు నుండి తారురోడ్డు మీదికి వస్తూనే వాన్ డెర్ పూల్ లేచి తొక్కాడు. వాన్ ఆర్ట్ స్పందించేలోపే ఎడం ఏర్పడింది, అది ఇక పూడలేదు. నా దృష్టిలో ఈ ఆటలో వేగాన్ని పంచుకోవడం గురించి దానికి మించిన పాఠం లేదు: ఆ ఒక్క కదలిక ఫలించాలంటే చివరి మలుపులోకి ముందుగా ప్రవేశించాలి, అలా ప్రవేశించాలంటే అంతకు ముందున్న నాలుగైదు మలుపులనుండే తన చోటును కాపాడుకుంటూ రావాలి.

కాళ్లకు సంబంధం లేని లెక్క ఇంకొకటుంది. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు కాబట్టి పట్టు కోసం గాలి బాగా తగ్గిస్తారు. బురదలో 20 పీఎస్‌ఐ చుట్టుపక్కల నడుస్తారు. గాలి తగ్గితే నేల మీద పట్టు పెరుగుతుంది, రాయి తగిలితే మాత్రం ట్యూబు రిమ్ముకు నొక్కుకొని పంక్చరవుతుంది. 2017లో లక్సెంబర్గ్‌లోని బీల్స్‌లో జరిగిన ప్రపంచ పోటీలో వాన్ డెర్ పూల్ పదే పదే పంక్చరై వాన్ ఆర్ట్‌కు టైటిల్ వదులుకున్నాడు. సైకిలు మార్చుకోవడం పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన మెకానిక్‌లు రెండో సైకిలుతో నిలబడే చోట మాత్రమే కుదురుతుంది. దాటిపోయాక వెనక్కి రావడానికి వీలులేదు, తరువాతి పిట్ దాకా చదునైన టైరుతోనే ఈడ్చుకుపోవాలి. అందుకే బురద ఎక్కువగా ఉన్న రోజు కొందరు సగం ల్యాప్‌కొకసారి సైకిలు మారుస్తారు, మెకానిక్‌లు ఆలోపు రెండోదాన్ని నీళ్లతో కడిగి సిద్ధం చేస్తారు. మారిస్తే ఒకటి రెండు సెకన్లు పోతాయి, మార్చకపోతే మట్టి బరువు మోయాలి. ఆఖరి ల్యాప్‌లో, చివరిసారి పిట్ పక్కనుండి పోతున్నప్పుడు, వెనుక టైరు కాస్త మెత్తబడినట్టు అనిపిస్తే రైడరు అడుగు దూరంలో తేల్చుకోవలసింది ఈ లెక్కే. ముందున్నవాడు ఏ దారి పట్టాడన్నది చూసి, తాను రెండో దారి పట్టేవారిని కూడా నేను చూశాను.