గయలో దొరికిన తిథి

మా తాతగారు కాశీలో పోయారన్న సంగతి ఒక్కటే మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏ సంవత్సరంలో, ఏ మాసంలో, ఏ తిథినాడు పోయారో చెప్పగలిగినవారు ఎవరూ లేరు. తిథి తెలియని పెద్దలకు మహాలయ అమావాస్యనాడు పెట్టవచ్చని శాస్త్రం అనుమతించింది కనుక నాన్నగారు బతికినన్నాళ్లూ తమ తండ్రికి ఆ రోజునే తద్దినం పెట్టారు. అయినా, కన్నతండ్రి తిథి కూడా తెలియని కొడుకునయ్యానన్న బాధ ఆయనను చివరిదాకా వదలలేదు. మంచంపట్టిన రోజుల్లో నా చేత మాట తీసుకున్నారు: తాతగారి తిథి తెలుసుకోవాలి, గయలో పిండం వేయాలి. నాన్నగారి సంవత్సరీకాలు పూర్తయ్యాక వచ్చిన ఈ మహాలయ పక్షంలో ఆ రెండూ జరిగాయి. ఇంటికి వచ్చి ఇంకా సామాను సర్దుకోకముందే ఇది రాస్తున్నాను.

గయకు బయలుదేరకముందే ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బయటికి తీశాను. తాతగారు కాశీనుంచి రాసిన కార్డు ఒకటి మిగిలింది. దానిమీద తపాలా ముద్ర 1955 డిసెంబరుది. నాయనమ్మ పొలం అమ్మిన దస్తావేజు 1957 నాటిది. అందులో తాతగారి పేరుకు ముందు ‘కీర్తిశేషులు’ అని ఉంది. అంటే ఈ రెండింటి నడుమ ఎప్పుడో పోయారన్నమాట. ఆ కబురు మామిడికాయల రోజుల్లో ఊరికి చేరిందని, తెచ్చినవారికి కూడా వివరాలు తెలియవని మా మేనత్తగారికి లీలగా గుర్తుంది. అప్పటికి ఆమె చిన్నపిల్ల.

ఆ రోజుల్లో మా కృష్ణా జిల్లా పల్లెల్లో జనన మరణాల రిజిస్టరు గ్రామ మునసబు దగ్గర ఉండేది. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక ఆ పాత రిజిస్టర్లు ఎక్కడెక్కడికి చేరాయో వెతకడమే పెద్ద పని. అయితే మరణం ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి లెక్కలోనే ఎక్కుతుంది కనుక, కాశీలో పోయిన మనిషి పేరు మా ఊరి పుస్తకంలో దొరుకుతుందన్న ఆశ నాకు మొదటినుంచీ లేదు. కాశీలో ఒక కార్యాలయంలో విచారిస్తే, తేదీ చెప్పనిదే అంత పాత పుస్తకాలు తిరగేయలేమన్నారు. తేదీ తెలుసుకోవడానికే వచ్చానని ఎంత చెప్పినా వారు వినిపించుకోలేదు. చివరికి మిగిలిన దారి గయాపండాల బహీలు, అంటే గయలో పిండాలు పెట్టించే పండాలు యాత్రికుల వివరాలు ఊరివారీగా రాసి ఉంచే పుస్తకాలు.

పితృపక్షంలో గయ ఎలా ఉంటుందో చూసినవారికి చెప్పనక్కరలేదు. విష్ణుపాద ఆలయం చుట్టూ ఉన్న సన్నటి సందుల్లో, చేతిలో పిండాల విస్తరి పట్టుకున్నవాడు తాను నడవడు. వెనకనుంచి తోసుకొచ్చే జనమే అతణ్ని నడిపిస్తుంది. ఎనభై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన నా కళ్లముందే తూలి గోడకు ఆనుకుంటే, ఆయనను దాటుకుంటూ ఫోనులో వీడియో తీస్తున్న యువకుణ్ని చూసి నాకు కోపం ఆగలేదు. పితరుల కోసం వచ్చిన చోట బతికున్న పెద్దల్ని ఇలా తోసేయడం ఏమి భక్తి? అంత రద్దీకి తగ్గ వరుసలు, వృద్ధులకు వేరే దారి ఉండితీరాలి. ఫల్గు నది విషయంలో మాత్రం మేలు జరిగింది. సీతమ్మ శాపంతో ఇసుక అడుగున పారే ఆ నదిలో ఒకప్పుడు చెలమ తవ్వి నీళ్లు తీసుకునేవారు. 2022లో రబ్బరు ఆనకట్ట కట్టిన తరువాత ఘట్టం దగ్గర నీరు నిలుస్తోంది. తర్పణానికి దోసిలి నిండా నీళ్లు దొరికాయి.

గయావాళ్లనే ఈ పండాలలో ఒక్కొక్క ఇంటివారికి ఒక్కొక్క ప్రాంతం యాత్రికులు వస్తారు. మా ప్రాంతపువారి బహీలు ఎవరి దగ్గర ఉన్నాయో అడిగి తెలుసుకుని, సాయంత్రానికి ఆ ఇంటికి చేరాను. పండాగారు జిల్లా, ఊరు, గోత్రం అడిగి లోపలికి కబురు పంపారు. వయసు మళ్లిన గుమాస్తా ఒకాయన ఎర్రగుడ్డలో చుట్టిన పొడవాటి పుస్తకాలు తెచ్చి నా ముందు పరిచారు. తెలుగు యాత్రికులతోనే జీవితం గడిపిన మనిషి. వచ్చీరాని తెలుగులోనే అయినా ఆయన మాటల్లో ఎంతో ఆదరం ఉంది. బయట తరువాతి యాత్రికులు కాచుకుని ఉన్నారు, పండాగారి మనుషులు తొందరపెడుతున్నారు. ఆయన మాత్రం, ‘ఇంత దూరం నుంచి వచ్చారు, కానివ్వండి’ అంటూ మా తాలూకా పుటలు ఒక్కొక్కటే వేలితో తడుముతూ చూశారు. చాలాసేపటికి మా ఊరి పేరు కనిపించింది. దాని కింద, ఇంకు గోధుమరంగుకు తిరిగిన తెలుగు అక్షరాల్లో మా తాతగారి పేరు ఉంది.

అది మా తాతగారి దస్తూరీ కాదు. ఆయన గయదాకా రానేలేదు. కాశీలో ఆయనతో ఒకే సత్రంలో బస చేసిన గుంటూరు జిల్లా యాత్రికుడొకరు రాసిన మాటలవి. మన్మథ నామ సంవత్సర పుష్య బహుళ సప్తమినాడు తాతగారు జ్వరంతో కాశీలో శివసాయుజ్యం పొందారని, దహనం హరిశ్చంద్ర ఘట్టంలో జరిగిందని, కొడుకు చిన్నవాడు కావడం వల్ల ఆయనకు తానే ఇక్కడ పిండం వేశానని, వంశస్థులెవరైనా వస్తే తెలియడానికి ఇది రాశానని అందులో ఉంది. కింద సంతకం, తన ఊరి పేరు. ఆయన తన ఊరి పుటలో రాసి ఉంటే నాకు ఎన్నటికీ దొరికేది కాదు. మా ఊరి పుట వెతికించి, మా ఊరి పేరు కిందనే రాశారు. పరిచయం కొద్దిపాటిది, చుట్టరికం ఏమీ లేదు. అయినా ఎప్పటికో మా ఇంటినుంచి ఒకరు ఈ గడప తొక్కుతారని ఆ మహానుభావుడు నమ్మారు.

అయితే ఆ తెలుగు వాక్యాల పక్కనే ఆనాటి గుమాస్తా నాగరిలో ‘మాఘ బదీ 7, సంవత్ 2012’ అని రాశాడు. బదీ అంటే బహుళ పక్షం. అది చూసేసరికి నా ప్రాణం ఉసూరుమంది. ఒకరు పుష్యమంటారు, ఒకరు మాఘమంటారు. ఇంత వెతికాక రెండు తిథులు దొరికితే తద్దినం ఎప్పుడు పెట్టాలి? నా ముఖం చూసి పెద్దాయన నవ్వి, ‘మీరు ఇప్పుడు వచ్చిన పక్షాన్ని మీ ఊళ్లో ఏమంటారు?’ అని అడిగారు. భాద్రపద బహుళమన్నాను. ‘మేము ఆశ్వినమంటాం. రోజులు మాత్రం అవే కదా’ అన్నారు. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదివారికి పూర్ణిమతో ముగుస్తుంది. అందుచేత శుక్లపక్షంలో ఇద్దరి మాసమూ ఒకటే అయినా, బహుళ పక్షానికి వారు మన తరువాతి నెల పేరు పలుకుతారు. మన పుష్య బహుళ సప్తమే వారి మాఘ బదీ సప్తమి. విక్రమ సంవత్ 2012 చైత్రం 1955లో మొదలైంది కనుక ఆ మాఘం 1956లో పడుతుంది. మన మన్మథ కూడా అదే. లెక్క వేసి చూస్తే ఫిబ్రవరి మొదటి వారం. డిసెంబరు కార్డుకు తరువాత, 1957 దస్తావేజుకు ముందు, మామిడికాయల రోజులకు రెండుమూడు నెలల ముందు. అన్నీ కుదిరాయి. బహీల్లో పెద్దల తిథులు వెతికేవారు ఈ మాసభేదాన్ని తప్పక గుర్తుంచుకోవాలి. లేకపోతే తిథి దొరికీ నెల తప్పిపోతుంది.

అక్కడినుంచే మేనత్తగారికి ఫోను చేసి ఆ వాక్యాలు చదివి వినిపించాను. అవతల చాలాసేపు మాట లేదు. ‘మళ్ళీ చదువు నాయనా’ అన్నారు. మళ్ళీ చదివాను. ‘జ్వరమొచ్చిందా మా నాన్నకి... పక్కన మనిషున్నాడన్నమాట’ అన్నారు. ఒంటరిగా పోయారేమోనన్న బెంగతోనే ఆమెకు ఇన్ని దశాబ్దాలు గడిచాయని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు తెల్లవారుజామున విష్ణుపాదం దగ్గర నాకు దొరికిన సమయం చాలా కొద్ది. అష్టకోణపు వెండి తొట్టిలో స్వామి పాదం పిండాలతో, నువ్వులతో, తులసితో పూర్తిగా కప్పబడి ఉంది. ఎవరో నీళ్లు పోయగా అవన్నీ ఒక పక్కకు జరిగి, నల్లరాతిలో పాదరేఖలు తేటగా కనిపించాయి. గయాసురుణ్ని అణచిన పాదం, మా వంశంలో ఎందరెందరో తలచుకున్న పాదం. తాతగారి గోత్రనామాలు చెప్పి పిండం ఉంచాను, నాన్నగారికి ఉంచాను. మూడోది ఆ గుంటూరు యాత్రికుడి పేరుమీద. బంధుత్వం లేనివారికి వేయవచ్చా అని సందేహిస్తుంటే, గయలో మిత్రులకు, ఉపకారం చేసినవారికి, ఎవరూ లేనివారికి కూడా పిండం ఉందని మా పురోహితులు ధైర్యం చెప్పారు. ఆలోగా వెనకనుంచి తోపు వచ్చింది, నేను బయట పడ్డాను. తృప్తిగా చూడనివ్వలేదన్న కోపం ఆ క్షణాన నాలో లేదు.

అక్షయవటం దగ్గర, కర్మ ఫలించిందని పండా పలికే సుఫలం చెప్పించుకున్నాక, గుమాస్తాగారి చేత బహీలో నాన్నగారి తిథి, నా పేరు, నా పిల్లల పేర్లు రాయించాను. తెలుగులో నేను సంతకం చేశాను. తాతగారి వాక్యాలున్న పుట ఫొటోకు పండాగారు అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు తేదీ చేతికి వచ్చింది కనుక, కాశీలో మరణ నమోదు కోసం మళ్ళీ దరఖాస్తు పెడుతున్నాను. ఆ యాత్రికుడి ఊరికి కూడా ఉత్తరం రాశాను. వారి ఇంటివారెవరైనా మిగిలి ఉంటే, ఆయన చేతిరాత ఉన్న ఆ పుట ప్రతిని నేనే స్వయంగా తీసుకువెళ్లి ఇవ్వాలని ఉంది.