యెరెవాన్‌లో ఆకుకూర రొట్టె

నిన్న ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఓ చిన్న కొట్లో జెంగ్యాలవ్ హాట్స్ తిన్నాను. పల్చటి రొట్టెలో రకరకాల ఆకుకూరలు సన్నగా తరిగి కూరి, పెనం మీద కాలుస్తారు. చేసే పెద్దావిడ వేళ్లన్నీ పచ్చటి మరకలే. ఆవిడది కరాబాఖ్, అజర్‌బైజాన్‌లో ఆర్మేనియన్లు ఉండే ప్రాంతం. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ సైన్యం దాన్ని చేజిక్కించుకోగానే లక్షమందికి పైగా ఆర్మేనియన్లు అక్కడి ఇళ్లు వదిలి వచ్చేశారు, ఆవిడ కూడా. "వచ్చే ముందు చలికాలం గ్యాస్ రాలేదు, కట్టెల పొయ్యే" అన్నారు. పక్కనున్న కుర్రాడు ఇంగ్లిష్‌లో చెబితే అర్థమైంది.

రూముకొచ్చి తేదీలు చూసుకున్నాను. 2022 జులైలో, రష్యా గ్యాస్ వదిలించుకునే తొందరలో యూరోపియన్ యూనియన్ అజర్‌బైజాన్‌తో గ్యాస్ ఒప్పందం చేసుకుంది: 2027కల్లా ఏడాదికి 2,000 కోట్ల ఘనపు మీటర్లు. ఆ డిసెంబరులోనే ఆర్మేనియా నుంచి కరాబాఖ్‌కి ఉన్న ఒక్క దారినీ, లాచిన్ దగ్గర, అజర్‌బైజాన్ వైపు వాళ్లు మూసేశారు. కాపలాకొచ్చిన రష్యా సైనికులు చూస్తూ ఉండిపోయారు. తమాషా ఏంటంటే, అదే చలికాలం అజర్‌బైజాన్ తన ఇంటి అవసరాలకి రష్యా దగ్గరే గ్యాస్ కొన్నది!

1990ల్లో కరాబాఖ్, దాని చుట్టుపక్కల నుంచి అజర్‌బైజానీలూ లక్షల్లో ఇలాగే కట్టుబట్టలతో వెళ్లిపోయారు. ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు. రెండో రొట్టెకి మాత్రం ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు.